కుక్కపిల్ల కార్డులో ఖాళీ గడులు

2025 వర్షాకాల సమావేశాల్లో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు ఇచ్చిన ఒక లిఖితపూర్వక సమాధానంలో రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. 2024లో దేశవ్యాప్తంగా నమోదైన కుక్కకాట్లు 37 లక్షలకు పైగా. రేబిస్‌తో మరణించినట్లు అనుమానిస్తున్నవారు 54 మంది. పార్లమెంటు సమాధానాలు చదవడమే వృత్తిలో సగభాగమైన నాబోటివాడికి మొదటి అంకె కంటే రెండోదే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు 15 రాష్ట్రాల్లోని 60 జిల్లాల్లో ఇంటింటి సర్వే జరిపి, ‘లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్’ పత్రికలో ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో రేబిస్ మృతులు ఏటా 5,726 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వస్తున్న లెక్క 18,000 నుంచి 20,000. ఒకే దేశం, ఒకే జబ్బు, మూడు లెక్కలు. వాటి మధ్య అంతరం వందల రెట్లు. ఆసుపత్రి రికార్డుకు ఎక్కకుండా ఇంటి వసారాలో, ఊరవతల పాకలో, నీళ్ల చెంబును చూసి వణుకుతూ పోయినవారు ఆ మొదటి లెక్కలోకి రారు. లెక్కలోకి రానివారి కోసం బడ్జెట్‌లో పద్దు ఉండదని వేరే చెప్పనక్కరలేదు.

ఆ అంకెల గురించి రాద్దామని కాగితాలు పోగుచేస్తున్న రోజుల్లోనే మా ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది. ఢిల్లీలో మేముండే కాలనీ వెనుక గేటు దగ్గర, పాలబూత్ మెట్ల కింద ఈనిన వీధికుక్క పిల్లల్లో అదొకటి. తల్లిని ఏదో వాహనం తొక్కేసిందట. మా అమ్మాయి బడి నుంచి వస్తూ తువ్వాలులో చుట్టి తెచ్చింది. రంగును బట్టి ‘రాగి’ అని పేరు కూడా దారిలోనే పెట్టేసింది. సరిగ్గా ఆ వారమే, ఆగస్టు 11న, సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, పరిసర నగరాల్లోని వీధికుక్కలన్నిటినీ ఎనిమిది వారాల్లో పట్టి షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది: పట్టుకున్నవాటికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, రేబిస్ సోకినవి, దూకుడుగా కరిచేవి మాత్రం మినహాయింపు. కేసు పరిధిని దేశమంతటికీ విస్తరించింది కూడా అప్పుడే. నవంబరు 7న మరో ఆదేశం వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి తొలగించిన కుక్కలను తిరిగి అక్కడ వదలరాదని. మూడు నెలల్లో మూడు ఉత్తర్వులు. టీవీ చర్చల్లో ‘శునక ప్రేమికులు’, ‘శునక ద్వేషులు’ అనే రెండు పార్టీలు పుట్టుకొచ్చాయి. మా కాలనీ వాట్సాప్ గ్రూపు కూడా రెండుగా చీలింది; ఒకటి ఇప్పటికీ నన్ను ఎందుకు చేర్చుకుందో నాకు తెలియదు.

రాగిని తీసుకుని పశువైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన ముందు దాని నోరు తెరిచి పళ్లు చూశారు. ఆరేడు వారాలు ఉంటాయన్నారు. తర్వాత మా అమ్మాయి చేతులు చూశారు. పాలపళ్లు సూదుల్లా ఉంటాయి, ఆటలో కొరకని కుక్కపిల్ల ఉండదు. మణికట్టు మీద సన్నగా రెండు గీతలు, ఒకచోట ఎండిన రక్తపు చుక్క. ‘దీని సంగతి తర్వాత, ముందు పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అన్నారు. ‘ఇంత చిన్న పిల్లకు జబ్బేం ఉంటుంది డాక్టర్ గారూ?’ అంటే, ‘వైరస్ వయసు అడగదండీ’ అని ఊరుకున్నారు. ఆ మాట ఊరికే అన్నది కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఒక యువ కబడ్డీ ఆటగాడు మురుగుకాల్వలో పడ్డ కుక్కపిల్లను కాపాడబోతే అది వేలు కొరికింది. చిన్న గాటే కదా అని వదిలేశాడు. కొన్ని నెలల తర్వాత రేబిస్‌తో చనిపోయాడు. ఆ వార్త అప్పటికి ఇంకా పాతబడలేదు. మా అమ్మాయికి గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగించి, తక్కిన చికిత్సతో పాటు 0, 3, 7, 28 రోజుల లెక్కన టీకాలు వేశారు. బడి మానకుండా సాయంత్రాలు వెళ్లి వేయించుకుంది.

కుక్కపిల్ల టీకా కార్డు అనేది చూడటానికి మన పిల్లల టీకా పుస్తకం లాగే ఉంటుంది. తేదీ, మందు పేరు, సీసా మీది స్టిక్కరు, వైద్యుని సంతకం, మళ్లీ రావలసిన రోజు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా: డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ వంటి వాటికి కలిపి ఒకటే సూది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా. మూడో నెలలో రేబిస్. ఏడాదికి బూస్టర్. ఒకే టీకాను ఇన్నిసార్లు ఎందుకు వేస్తారని చాలామందికి అనుమానం, అది మందుల షాపువాళ్ల వ్యాపారమని కొందరి నమ్మకం. అసలు కారణం వేరు. ఈనిన తొలి గంటల్లో తాగిన జున్నుపాల ద్వారా తల్లి నుంచి పిల్లకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను కూడా శత్రువుగానే భావించి నిర్వీర్యం చేస్తుంది. అది ఒక పిల్లలో ఎనిమిది వారాలకే కరిగిపోవచ్చు, ఇంకో పిల్లలో పద్నాలుగు వారాలు నిలవచ్చు. ఏ రోజు కరిగిందో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు. తల్లి ఇచ్చిన రక్షణ పోయి, టీకా ఇచ్చే రక్షణ ఇంకా రాని ఆ సందులోనే పార్వో దూరుతుంది. నెత్తుటి విరేచనాలు, వాంతులతో రెండు మూడు రోజుల్లో పిల్ల శోషించిపోతుంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిలుకు చావదు. అందుకే కోర్సు పూర్తయ్యేదాకా పార్కు నేల మీద దింపవద్దంటారు. పాలబూత్ మెట్ల కింద రాగితో పుట్టిన నాలుగు పిల్లల్లో రెండు సెప్టెంబరు దాటలేదు. వాటికి కార్డుల్లేవు.

ఊళ్లో ఉన్న మా అమ్మకు ఫోనులో ఈ వైభవమంతా చెబితే, ‘ఏరా, కుక్కకి కూడా ఆధార్ కార్డు ఇచ్చారా మీ ఢిల్లీ వాళ్లు?’ అని నవ్వింది. మరుక్షణమే గొంతు మారింది. ‘మీ బాబాయికి బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిపించాం, గుర్తుందా?’ అంది. మా తరంవారికి కుక్కకాటు అంటే ఆ పద్నాలుగు ఇంజెక్షన్లే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ టీకాను గొర్రె మెదడు కణజాలంతో తయారు చేసేవారు. రోజుకొకటి చొప్పున పొట్టలో పొడిచేవారు. కొందరికి దానివల్లే నరాల జబ్బు, పక్షవాతం వచ్చేవి. ప్రపంచంలో అంతకంటే మెరుగైన టీకాలు వచ్చిన తర్వాత కూడా మనం 2004 చివరిదాకా దాన్నే పేదవారి పొట్టల్లో పొడిచాం. డబ్బున్నవాళ్లు చేతికి వేసే కొత్త టీకాను కొనుక్కునేవారు. ఆ పద్నాలుగు సూదుల భయంతోనే ఎంతోమంది ఆసుపత్రికి బదులు పసరు వైద్యుని దగ్గరికి పోయేవారు. గాయం మీద కారం, సున్నం రాసుకునేవారు. ఆరో తరగతిలో నా బెంచీలోనే కూర్చునే ఒక కుర్రాడికి వాళ్ల నాన్న పసరే కట్టించాడు. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేసరికి ఆ చోటు ఖాళీ. ఆ మరణం ఏ లెక్కలోనైనా చేరిందా అన్నది ఇన్నేళ్లుగా నా మనసులో తొలుస్తున్న ప్రశ్న. చేరి ఉండదు.

సూదుల సంఖ్య తగ్గి, నొప్పి తగ్గి, టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమైన ఈ రోజుల్లో కూడా, పైన చెప్పిన సర్వేలో కుక్క కరిచినవారిలో ప్రతి అయిదుగురిలో ఒకరు ఒక్క డోసు కూడా వేయించుకోలేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ బుందేల్‌ఖండ్ నుంచి వచ్చింది. కిందటేడు ఆమె కొడుకును కుక్క కరిస్తే మూడు డోసుల తర్వాత ఆగిపోయింది. కారణం అడిగితే ఆమె సమాధానం సూటిగా ఉంది: ‘ఒక్కో సూదికి ఒక్కో రోజు కూలి పోతోంది భయ్యా. గాయం మానిపోయింది కదా.’ రేబిస్ లోని క్రూరత్వం ఇదే. గాయం మానిపోతుంది. వైరస్ నరాల వెంట మెదడు వైపు నడుస్తూ ఉంటుంది. సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది. లక్షణాలు బయటపడిన తర్వాత దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచవ్యాప్తంగా ఈ జబ్బుకు బలయ్యేవారిలో దాదాపు 40 శాతం పదిహేనేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీధిలో ఆడుకునేదీ, కుక్కపిల్లను ఎత్తుకునేదీ, అది కొరికిందని ఇంట్లో చెబితే తిడతారని దాచుకునేదీ వాళ్లే.

కనుక సూది మనిషికి వేయడం చివరి కట్ట. మొదటి కట్ట కుక్కకు వేయడం. కుక్కల్లో 70 శాతానికి టీకా వేసి, ఏటా ఆ స్థాయిని నిలబెడితే కుక్క నుంచి కుక్కకు వ్యాప్తి తెగిపోతుందన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన సూత్రం. ఇందులో విదేశీ మాయేమీ లేదు, గోవా చేసి చూపించింది. ‘మిషన్ రేబిస్’ అనే సంస్థతో కలిసి అక్కడి ప్రభుత్వం గత దశాబ్దంలో వీధివీధికీ జట్లను పంపింది. చేతివలలతో కుక్కను పట్టడం, సూది వేయడం, రంగు గుర్తు పెట్టడం, ఫోనులో ఆ చోటు నమోదు చేయడం, వదిలేయడం. ఒక్కో కుక్కకు నిమిషాల పని. ఏటా అదే పని. 2018 నుంచి అక్కడ మనుషుల్లో రేబిస్ మరణం నమోదు కాలేదు. 2021లో గోవా రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటితమైంది. బంగ్లాదేశ్, శ్రీలంకలు కూడా పెద్దఎత్తున కుక్కలకు టీకాలు వేసే మరణాలను బాగా తగ్గించుకున్నాయి. మనకంటే పేదదేశం చేయగలిగిన పని మనవల్ల కాదంటే నమ్మడం కష్టం.

మరి తక్కిన భారతదేశంలో ఏం జరుగుతోంది? ఇక్కడే నాకు మా రాగి కార్డు పనికొచ్చింది. వీధికుక్కల విషయంలో మన ప్రధాన సాధనం జంతు జనన నియంత్రణ నిబంధనలు. 2001లో వచ్చాయి, 2023లో కొత్త రూపం దాల్చాయి. వాటి ప్రకారం మున్సిపాలిటీ కుక్కను పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తుగా చిన్న కత్తిరింపు పెట్టి, పట్టిన చోటే వదలాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఆచరణలో టీకా శస్త్రచికిత్సకు తోకగా మారిపోయింది. శస్త్రచికిత్సకు థియేటరు కావాలి, బోను కావాలి, కుట్లు మానేదాకా రోజుల తరబడి తిండి, కాపలా కావాలి. రోజుకు చేయగలిగేవి పదుల్లోనే. టీకాకు ఇవేవీ అక్కర్లేదు, ఐసుపెట్టె ఉంటే చాలు. ఖరీదైన, నెమ్మదైన పనికి చవకైన, వేగమైన పనిని కట్టేయడంతో రెండూ నెమ్మదించాయి. పైగా చెవి కత్తిరించిన కుక్కను మళ్లీ ఎవరూ పట్టరు. బూస్టర్ ప్రసక్తే లేదు. మూడేళ్ల కిందట ఒక్కసారి సూది పడిన కుక్క చెవిని చూసి కాలనీ అంతా నిశ్చింతగా ఉంటుంది.

ఇంకో చిల్లు అంతకంటే పెద్దది. శస్త్రచికిత్సకు సాధారణంగా ఆరు నెలల వయసు రావాలంటారు. అంటే టీకా కూడా అప్పటిదాకా రాదు. చిత్త కార్తె కుక్కల కాలమని మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. అక్టోబరు మధ్యలో కలిసినవి రెండు నెలలకు, అంటే డిసెంబరులో ఈనుతాయి. ఆ పిల్లలు సంక్రాంతికి కళ్లు తెరిచి తిరుగుతాయి, వేసవి సెలవులకు పిల్లలతో ఆడతాయి, ఆరు నెలలు నిండేసరికి మళ్లీ బడులు తెరుస్తారు. వీధికుక్క ఆయుష్షు తక్కువ, చచ్చినవాటి స్థానంలో ఏటా కొత్తవి వస్తూనే ఉంటాయి. 2019 పశుగణన వీధికుక్కలు కోటిన్నర అంది. అందులో ఏ రోజు చూసినా పెద్ద వాటా ఏడాది నిండనివే. జనం మధ్య అత్యధికంగా తిరిగేవీ, పసివాళ్లు ధైర్యంగా ముట్టుకునేవీ అవే. సర్కారు టీకా చేరనివీ అవే. సామూహిక టీకా కార్యక్రమాల్లో మూడు నెలలు నిండని పిల్లలను సైతం వదలవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు సూచిస్తోంది. మన దగ్గర దాన్ని విన్న మున్సిపల్ కమిషనరు ఎవరో ఉంటే కలవాలని ఉంది.

2021 సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినాన, కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించడం లక్ష్యం. ప్రణాళిక పత్రం బాగుంది; 70 శాతం సూత్రం అందులోనూ ఉంది. అయితే కాటు ఆరోగ్యశాఖది, కుక్క పశుసంవర్ధక శాఖది, పట్టేవల మున్సిపాలిటీది. ఒక పంటిగాటు కోసం మూడు ఫైళ్లు మూడు భవనాల్లో తిరుగుతాయి. ఏడాదికి రెండు రోజులు మాత్రం అన్నీ ఒకచోట చేరతాయి. 1885లో పాశ్చర్ తొలి టీకా వేసిన జూలై 6న జూనోసిస్ దినమని, సెప్టెంబరులో రేబిస్ దినమని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పశువైద్యశాలలు ఉచిత టీకా శిబిరాలు పెడతాయి. నేను చూసిన ఒక శిబిరంలో వరుసలో నిలబడ్డవన్నీ మెడపట్టీలున్న కుక్కలే. లాబ్రడార్లు, పామరేనియన్లు, ఒక హస్కీ. గేటు బయట చెట్టుకింద రెండు నాటుకుక్క పిల్లలు పడుకుని ఉన్నాయి. వాటిని లోపలికి తేవడం ఎవరి విధుల్లోనూ లేదు. సిబ్బందిని నిందించలేం, వారికి వల కూడా ఇవ్వలేదు.

పెంపుడు కుక్క విషయంలో నిబంధన స్పష్టంగానే ఉంది, టీకా బాధ్యత యజమానిదే. దాన్ని ఇంటి గోడకు లోపలి వ్యవహారంగా చూడటం మధ్యతరగతికి అలవాటు. మా కుక్క బయటికే పోదండీ అంటారు. పనిమనిషి పిల్లాడు ఇంట్లోకి వస్తాడు, పేపరు కుర్రాడు గేటు దాకా వస్తాడు, దీపావళి టపాసులకు బెదిరి గేటు దూకని కుక్క ఏ కాలనీలోనూ లేదు. కొనుక్కున్న జాతి కుక్కపిల్లను ఏడాది తిరక్కుండానే మోజు తీరి వీధిలో వదిలేసేవారూ తక్కువేమీ లేరు. ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు నాకు ఉందని నేననుకోవడానికి రాగి కార్డు మీది సంతకాలు కొంత కారణం.

కుక్కల చర్చ వచ్చినప్పుడల్లా ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన శునకాన్ని ఎవరో ఒకరు తెస్తారు. భారతం చివర ఉన్న ఆ కుక్కే అందరికీ గుర్తు. మొదట్లో ఉన్న కుక్కపిల్లను ఎవరూ తలచుకోరు. నన్నయ ఆదిపర్వంలో, జనమేజయుని యాగశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుడనే పిల్లను రాజు తమ్ముళ్లు అకారణంగా కొట్టి తరిమారు. తల్లి సరమ నేరుగా రాజు కొలువుకే వచ్చి నిలదీసింది. మంచిచెడ్డలు చూడక బలహీనులను బాధించేవారికి ఎక్కడినుంచో తెలియని భయాలు వచ్చి మీద పడతాయని చెప్పి వెళ్లిపోయింది. జనమేజయుడు దాన్ని కుక్క మొరుగుడుగా కొట్టిపారేయలేదు. తగిన పురోహితుని కోసం వెతుక్కుంటూ బయలుదేరాడు. మన ప్రభువులకు అంత శ్రమ అక్కర్లేదు, జిల్లాకు ఇన్ని వలలు, ఇన్ని ఐసుపెట్టెలు, ఇంతమంది సిబ్బంది అని ఒక పద్దు రాస్తే చాలు. షెల్టర్లకు తరలించమనేవారూ, వీధిలోనే ఉండనివ్వమనేవారూ విభేదించని ఒకే ఒక్క పని ఈ సూది. అందుకేనేమో దానిమీద చర్చ పెడితే రేటింగు రాదని ఒక చానెల్ మిత్రుడు నాతో అన్నాడు.

2025 శీతాకాల సమావేశాలు డిసెంబరు 1న మొదలయ్యాయి. నాకు పరిచయమున్న ఒక తెలుగు ఎంపీకి మూడు ప్రశ్నలు రాసి ఇచ్చాను. శస్త్రచికిత్సతో ముడిపెట్టకుండా, టీకా మాత్రమే పొందిన వీధికుక్కలు రాష్ట్రాలవారీగా ఎన్ని? వాటిలో ఏడాదిలోపు వయసున్నవి ఎన్ని? ఆరోగ్యశాఖ చెప్పిన 54కూ, వైద్య పరిశోధన మండలి చెప్పిన 5,726కూ మధ్య ఉన్నవారిని ఏ శాఖ లెక్కిస్తోంది? ఆయన రెండుసార్లు చదివి, ‘మన నియోజకవర్గం పేరు ఎక్కడైనా పెట్టవచ్చా?’ అని అడిగారు. పెట్టి ఇచ్చాను. ప్రశ్నలను బ్యాలెట్ తీసి ఎంపిక చేస్తారు కనుక వస్తుందో రాదో అప్పుడు చెప్పలేకపోయాం. పాలబూత్ దగ్గర మిగిలిన ఒక పిల్లకు మాత్రం మా వీధివాళ్లం నలుగురం తలా కొంత వేసుకుని రేబిస్ టీకా వేయించాం. దాని కార్డు బూత్ యజమాని గల్లాపెట్టెలో ఉంది, పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది.